అవినాష్ గారి ఎడమ మడమ

అవినాష్ గారంటే నాకు ఇష్టం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో ఆయన్ని తిట్టబోతున్నాను. తిట్టడం నా వృత్తిలో భాగం. కొండాపూర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఫిజియో క్లినిక్ నడుపుతున్నాను. విరిగినవీ తెగినవీ బెణికినవీ డాక్టర్లు అతికించి పంపిస్తే, వాటిచేత మళ్లీ పని చేయించడం నా పని. మెత్తగా చెబితే ఎవరూ చెయ్యరు. రేణుక మేడమ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని బయట కుర్చీల్లో కూర్చుని చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోనీ.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ఇక్కడి ఆఫీసుల వాళ్లే. సోమవారం నుంచి శుక్రవారం దాకా కుర్చీలోంచి కదలరు. శనివారం తెల్లారేసరికి టర్ఫ్ మైదానంలో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లలా దూకుతారు. ఆదివారం ఐసు ముక్కలు, సోమవారం నేను. లోపలికి రాగానే అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే, ఎన్ని రోజుల్లో తగ్గుతుంది అని. ఎక్కడ నొప్పో తరవాత చెబుతారు.

అవినాష్ గారు మొదటిరోజు వచ్చినప్పుడు ఆయన కాలికంటే ముందు నేను చూసింది గుమ్మం దగ్గర చెప్పుల్ని. మా గుమ్మం ముందు ఎప్పుడూ పది పన్నెండు జతలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఆ రోజు బయటికి తొంగిచూస్తే అన్నీ గోడవారగా జత పక్కన జత బుద్ధిగా ఉన్నాయి. ఎడమ కాలికి మోకాలి దాకా ఆస్పత్రి బూటు, చంకలో కర్ర. ఆ అవతారంలోనే వంగి ఊరందరి చెప్పులూ సర్దుతున్నారు.

"మీకెందుకు సార్ గీ తిప్పలు?" అన్నాను.

"పిలిచేదాకా ఖాళీయే కదండి" అన్నారు.

ఖాళీగా కూర్చోవడం ఈ మనిషికి చేతకాదని ఆ రోజే గ్రహించాల్సింది. గ్రహించలేదు.

ఆయన పుట్టింది గుంటూరు వైపు, పెరిగింది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. తండ్రి విశ్వేశ్వరరావు గారు విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లో ఆటలు పదో తరగతి అయ్యాక ఆలోచించాల్సిన విషయం. పదో తరగతి అయ్యాక ఇంటర్ అయ్యాక ఆలోచించాల్సిన విషయం. ఆ తరవాత ఇంజినీరింగ్, ఉద్యోగం, పెళ్లి, కొండాపూర్‌లో ఫ్లాటు. "ముప్ఫై నాలుగేళ్ల వరకూ నేను పరిగెత్తిందల్లా బస్సు కోసమేనండి" అని ఆయనే నవ్వుతూ చెప్పారు. అప్పుడు ఆఫీసువాళ్లు చేయించిన పరీక్షల్లో షుగర్ అంచు దాకా వచ్చిందని తేలింది. ఒళ్లు కదిలించమన్నారు. నడక విసుగనిపించింది. ఒక సాయంత్రం అయిదేళ్ల కూతురు హర్షిణిని వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ కింద ఉన్న షటిల్ కోర్టులోకి దిగారు. ఇద్దరికీ రాకెట్ పట్టుకోవడం రాదు. తండ్రీ కూతురూ ఒకేరోజు ఓనమాలు దిద్దుకున్నారు. అప్పట్నుంచి ఏడేళ్లపాటు, వానపడ్డ రోజులు తీసేస్తే, సాయంత్రం అరగంట ఆ ఇద్దరిదీ.

పోయినేడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం అలా ఆడుతుండగా మడమ వెనక టప్‌మని చప్పుడైంది. ఎవరో వెనకనుంచి రాకెట్‌తో కొట్టారనుకుని, కొట్టినవాడి మీద అరవడానికి ఆయన వెనక్కి తిరిగారట. నెట్‌కు అవతల ఉన్న హర్షిణి, "నాన్నా, వెనక ఎవరూ లేరు" అందట. ఈ దెబ్బ తగిలిన ప్రతివాళ్లూ ఇలాగే వెనక్కి తిరుగుతారు. మడమ వెనక తడిమితే తాడులా తగులుతుంది చూడండి, దాన్ని అందరూ నరం అంటారు. నిజానికి నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు బిగించి పట్టే టెండన్. మనం మెట్టెక్కినా, ఎగిరినా, మునివేళ్ల మీద లేచి అటకమీది డబ్బా అందుకున్నా దాని పుణ్యమే. ఆయనకు అది పూర్తిగా తెగింది. మర్నాడే ఆపరేషన్ చేసి కుట్టారు. జూన్‌లో నా దగ్గరికి పంపించారు.

అందరిలాగే ఆయనా ఎన్ని రోజులని అడిగారు. కాకపోతే ఆయన చేతిలో ఒక తేదీ ఉంది. డిసెంబరు రెండో ఆదివారం వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఆటల పోటీలు. అందులో తల్లో తండ్రో బిడ్డతో కలిసి ఆడే డబుల్స్ ఒకటి. బిడ్డకు పదమూడు నిండకూడదని నియమం. రెండేళ్ల కిందట తండ్రీ కూతుళ్లు సెమీఫైనల్లో పోయారు, మొన్నటిసారి ఫైనల్లో రెండు పాయింట్లతో ఓడిపోయారు. హర్షిణికి ఫిబ్రవరిలో పదమూడు నిండుతాయి.

"ఇదే ఆఖరిసారి మేడమ్. ఆ తరవాత దాని ఫ్రెండ్స్ దానికుంటారు. నాతో ఎందుకు ఆడుతుందండి?" అన్నారు.

నేను వేళ్లమీద లెక్కపెట్టి చూపించాను. ఉరికి, ఎగిరి ఆడాలంటే తొమ్మిది నెలలు తక్కువలో తక్కువ. ఏడాది అయితే నిశ్చింత. డిసెంబరుకు ఎనిమిదే అవుతాయి. "డిసెంబర్ల మంచిగ నడుస్తరు, మెల్లగ ఉరుకుడు గిట్ల మొదలువెడ్తరు. ఆట సంగతి మాత్రం నేను మాటియ్య సార్" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపారు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరున్నరకు రమ్మన్నాను, ఆ రోజుల్లో పొద్దున ఇంట్లో కూడా చెయ్యమన్నాను. మంగళ, గురు, శని, ఆదివారాలు నడక తప్ప ఇంకేం వద్దన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు ఫోన్లో ఒక ఎక్సెల్ షీటు చూపించారు. నేను చెప్పిన ప్రతి వ్యాయామానికీ ఒక గడి, పూర్తయితే ఆకుపచ్చ రంగు. నా మాటను ఇంత శ్రద్ధగా రాసుకున్న పేషెంటు అంతకుముందు లేడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ షీటును మిగతావాళ్లకు చూపించి వాళ్లను తిట్టాను కూడా.

బూటు తీశాక జూలై బాగానే గడిచింది. గోడ పట్టుకుని రెండు కాళ్ల మునివేళ్ల మీద లేవడం వచ్చింది. ఆగస్టు చివర్లో మడమ వాయడం మొదలైంది. సాయంత్రం వచ్చేసరికే పిక్క అలిసిపోయి ఉండేది. పదిసార్లు లేచేటప్పటికి కాలు వణికేది. నెల కిందట పదిహేను చేసిన మనిషి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో చేశారా అని అడిగితే ప్రతి పేషెంటూ చేశామనే అంటాడు. నిజంగా చేసేవాళ్లు పదిమందిలో ఇద్దరు. పద్దెనిమిదేళ్లు ఈ అబద్ధం విని విని నేను మనుషుల మొహం చూడకుండానే తీర్పు చెప్పే స్థితికి వచ్చాను. షీటు పచ్చగా నింపడానికి వేలు కదిపితే చాలు కదా అనుకున్నాను.

"ఇంట్ల చేస్తలేరు కదా సార్?"

"చేస్తున్నానండి."

"చేస్తె కండ పెరగాలె. తగ్గుడేంది?"

నేను వ్యాయామాల లెక్క పెంచాను. సెప్టెంబరు మధ్యలో ఇంకోసారి పెంచాను. ఆయన రాసుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు సర్ది వెళ్లారు.

అక్టోబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గిరీష్ ఫోన్ చేశాడు. నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని కూకట్‌పల్లిలో సొంత క్లినిక్ పెట్టుకున్న కుర్రాడు. అర్థం కాని కేసు వస్తే నన్నడగడం వాడికి అలవాటు.

"మేడమ్, మడమ ఆపరేషన్ కేసు ఒకటుందండి. ఆరు నెలలైంది. ఎంత చేయించినా బలం రావట్లేదు. వచ్చేసరికే కాలు అలిసిపోయి ఉంటోంది."

"నా దగ్గర గూడ గసొంటిదే ఒకటున్నది. ఇంట్ల చేస్తలేడు."

"నేనూ అదే అనుకుని పెంచానండి."

"నేను గూడ పెంచిన."

"కానీ ఈయన చెయ్యని మనిషిలా లేడండి. ఎక్సెల్ షీటు పెట్టుకుని..."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "గిరీష్, ఎడమ కాలా?"

"అవునండి."

"ఏ రోజులు వస్తడు?"

"మంగళ, గురు, శనివారాలు. సాయంత్రం ఏడింటికి."

"లోపటికొచ్చే ముందు చెప్పులు సదురుతడా?"

"అందరివీ సర్దుతారండి" అన్నాడు గిరీష్.

నేను తల పట్టుకున్నాను. చెయ్యకుండా చేశామని చెప్పే అబద్ధాన్ని ఏళ్ల తరబడి చూశాను. రెట్టింపు చేసి దాచిపెట్టే మనిషిని చూడలేదు. నేను ఖాళీ వదిలిన రోజుల్లో గిరీష్, గిరీష్ ఖాళీ వదిలిన రోజుల్లో నేను. ఇద్దరమూ కలిసి మూడు నెలలుగా ఆ కాలికి ఆదివారం తప్ప విశ్రాంతి లేకుండా చేశాం.

ఆ రోజు బుధవారమే. ఆరున్నరకు ఆయన వచ్చారు. కూర్చోబెట్టాను.

"గిరీష్ మంచిగున్నడా సార్?"

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు, మళ్లీ పక్కన పెట్టారు. నిజం చెప్పడానికి ఆట్టే సేపు పట్టలేదు. అబద్ధానికి అలవాటుపడ్డ మనిషి కాదు.

"మా ప్రాజెక్టుల్లో గడువు దగ్గరపడితే ఇంకో టీమును కూడా పెడతామండి. ఇద్దరూ చెరో పక్కనుంచీ చేసుకొస్తారు. తొమ్మిది నెలల పని అయిదు నెలల్లో అయిపోతుంది."

"నిజంగ అయిపోతదా?"

"అయిపోయిందని చెబుతామండి" అన్నారు నెమ్మదిగా.

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆ కోపంలో ఏమేం అన్నానో అన్నీ రాయను. మా నాన్న రామచంద్రం గోపన్‌పల్లిలో మేస్త్రీ. స్లాబు పోశాక దాన్ని కింద మోసే సెంట్రింగ్ కర్రలు ఎన్ని రోజులుంచాలో అన్ని రోజులూ ఉంచేవాడు. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా, ఇంకో పదిమంది కూలీలను తెస్తామన్నా, కర్ర తియ్యనిచ్చేవాడు కాదు. ఆ సంగతి చెప్పాను. తెగినచోట శరీరం ముందు తొందర తొందరగా ఒక అతుకు వేస్తుంది, ఆ పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. మనం కొద్దిగా బరువు మోయిస్తే, ఏ దిక్కుకు లాగుతోందో తెలుసుకుని ఆ దిక్కుకు సర్దుకుంటాయి. ఆ సర్దుబాటు జరిగేది వ్యాయామం చేసేటప్పుడు కాదు. చేశాక, కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ జరుగుతుంది.

"మంగళవారం నాకు తీరిక లేక ఇడిసిపెట్టిన అనుకున్నరా సార్? సోమవారం మీరు చేసిన పని, మంగళవారం మీ ఒళ్లు చేస్తది. దాన్ని చెయ్యనియ్యలే మీరు."

ఆయన తల దించుకున్నారు. తప్పంతా ఆయన మీద తోసేసి ఇక్కడితో ఆపేస్తే నాకు నిద్ర పట్టదు. మడమ వాచినప్పుడు ఎందుకు వాచిందని నేను అడగలేదు. ఎందుకు చెయ్యట్లేదని అడిగాను. అది నా నోటి దురుసు, నా తప్పు. ఆ మాట ఆయనతోనే అన్నాను. "అయ్యో, మీరేం చేస్తారండి" అన్నారాయన. ఆ మంచితనానికి నాకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు స్కాన్ తీయించాం. అతుకు సాగింది, ఒకవైపు కొన్ని పోగులు తెగాయి. మళ్లీ కోత అక్కర్లేదు గానీ ఆరు వారాలు బూటు, ఆ తరవాత అన్నీ మొదటినుంచి అన్నారు డాక్టరు. డిసెంబరు పోయింది.

"హర్షిణికి మీరు చెబుతారా మేడమ్? వద్దన్నారని ఒక్క ముక్క చెబితే చాలండి."

"నేను చెప్ప. మీరే చెప్పాలె. కావాల్నంటే నా ముందల చెప్పున్రి."

శనివారం మధ్యాహ్నం కూతుర్ని తీసుకొచ్చారు. హర్షిణి తండ్రి భుజాల దాకా ఉంది. మోకాళ్ల మీద సిమెంటు గీరుకుపోయిన మచ్చలు. ఆయన ఏదీ దాచలేదు. మంగళ, గురు, శనివారాలు తాతయ్యను చూడ్డానికి వెళ్తున్నానన్నది అబద్ధమని, రెండు క్లినిక్‌లకు తిరిగానని, కాలు పాడుచేసుకున్నానని, డిసెంబరులో ఆడలేనని వరసగా చెప్పేశారు. "నీకోసమే తల్లీ" అని చివర్న అన్నారు.

ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్ల బూటు వంక చూసింది, తండ్రి మొహం వంక చూసింది.

"నిన్ను పరిగెత్తమని ఎవరన్నారు నాన్నా?"

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నువ్వు నెట్ దగ్గర నిలబడితే చాలనుకున్నా. వెనక వచ్చేవన్నీ నేనే తీసుకుంటా కదా. అందుకే రోజూ పార్కింగ్‌లో గోడకేసి కొడుతున్నా. రెండు మూలలకీ ఉరకడం వచ్చేసింది నాకు. నీకు చూపిద్దామంటే నువ్వు ఒక్క సాయంత్రమైనా ఇంట్లో ఉంటే కదా."

తరవాత నా వైపు తిరిగింది. "ఆంటీ, ఇట్లా అవ్వకపోయుంటే డిసెంబర్‌లో నాన్న నిలబడి ఆడొచ్చా?"

నా నాలుక చివర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. చెప్పలేకపోయాను.

"నిలవడి అయితే ఆడొచ్చు బిడ్డా" అన్నాను.

అవినాష్ గారు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. నలభై ఒక్కేళ్ల మనిషి, కింద ముప్ఫైమంది పనిచేసే మనిషి, వెక్కి వెక్కి ఏడ్చారు. నాకూ కళ్లు నిండాయి. నాలుగు నెలల్లో నేను ఆయన్ను వందసార్లు కూర్చోబెట్టాను, లేపాను, నడిపించాను. ఆ ఆట ఆయన ఒక్కడిదే కాదని, అందులో ఇంకో మనిషి ఉందని, ఆ మనిషినీ ఒక మాట అడగొచ్చని నాకు తట్టలేదు. హర్షిణికి ఏం చెయ్యాలో తోచక, తండ్రి బూటు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

నేనా గిరీషా, ఎవరో ఒకర్నే ఎంచుకొమ్మని ఆయనతో అన్నాను. గిరీష్ పేరు చెబుతారేమోనని లోపల గుబులుగానే ఉండింది. దగ్గర కనక నేనే అన్నారు. దగ్గర కనకే అయితే అయింది, నాకు చాలు. ఆయన షీటులో విశ్రాంతి రోజులకు గడులే లేవు. హర్షిణి వాటికి గడులు పెట్టింది. ఆ రోజుల్లో తండ్రి మెట్లమీద దొంగతనంగా మడమ లేపుతున్నాడేమోనని కాపలా కాయడం ఆ పిల్ల వంతు. డిసెంబరులో వాళ్లమ్మ నీహారికతో కలిసి పోటీలో దిగింది. నీహారిక ఎదురుగా షటిల్ వచ్చినప్పుడల్లా తల వంచుకుని పక్కకు తప్పుకునేదట. మొదటి ఆటలోనే ఓడిపోయి తల్లీ కూతుళ్లు కోర్టులో కూలబడి నవ్వారని ఆయన చెప్పారు. చెబుతూ నవ్వబోయారు గానీ పూర్తిగా రాలేదు. ఫిబ్రవరిలో హర్షిణికి పదమూడు నిండాయి.

తరవాత నెలలు నెమ్మదిగా నడిచాయి. రాయడానికి అందులో ఏమీ లేదు, రోగం కుదిరేటప్పుడు అలాగే ఉంటుంది. సాగిన టెండన్ పూర్తిగా మునుపటిలా కాదు. ఎడమ పిక్క కుడిదానికంటే ఒక వేలు సన్నగానే ఉండిపోయింది, ఉంటుంది కూడా. ఈ జూన్‌లో ఆయన నా ఎదురుగా ఎడమకాలి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచారు. లేచి, ఇప్పుడు ఆడొచ్చా అని అడగలేదు. "హర్షిణి అడగమందండి" అన్నారు.

"ఎందుల ఆడ్తరు? ఆ పోటీ అయిపాయె గద."

"పోటీ ఏం లేదండి. ఊరికే. ఆదివారం పొద్దున వస్తావా నాన్నా అని అడిగింది."

ఇరవై నిమిషాలు, నెట్ దగ్గరే, వెనక్కి ఒక్క అడుగు వేసినా ఊరుకోనని చెప్పాను. నమ్మకం చాలక నేను కూడా వెళ్లాను.

అవతలి వైపు హర్షిణి స్నేహితురాళ్లిద్దరు. చూసేవాళ్లు నేనూ, కుర్చీలో కాఫీ తాగుతూ నీహారికా. అవినాష్ గారు నెట్ దగ్గర కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డారు, కొంచెం వంగి, పద్నాలుగు నెలల తరవాత. అందినవి కొట్టారు. రెండు నెట్‌కు తగిలాయి. అయిదో నిమిషంలో అవతలి పిల్ల ఎత్తుగా కొట్టింది. షటిల్ ఆయన తలమీదుగా వెనక మూలకు వెళ్తోంది. ఆయన మొహం దాంతోపాటే తిరిగింది. ఎడమ మడమ నేల వదిలింది.

మడమ మళ్లీ కిందికి ఆనింది.

"నీదే" అన్నారాయన.

హర్షిణి అప్పటికే అక్కడుంది.